లాయరు లేకుండా మన డబ్బు రాబట్టుకోవాలంటే ఏ గడప తొక్కాలి?

"18 వేల కోసం లాయరుకు 15 వేలు ఇచ్చుకోవాలా? పోనీలే, వదిలెయ్."

మా నాన్నగారు అన్న మాట ఇది. కొన్న ఇన్వర్టర్ బ్యాటరీ ఏడాది తిరక్కుండానే పాడైంది. డీలరును అడిగితే కంపెనీని అడగమన్నాడు, కంపెనీకి ఫోన్ చేస్తే డీలరు దగ్గరికి వెళ్లమన్నారు. బిల్లు 18,500 రూపాయలు. నాలుగు నెలలు ఫోన్ల మీదే గడిచిపోయాయి. వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేనే ఫిర్యాదు వేశాను, నేనే నిలబడి మాట్లాడాను. పదకొండు నెలలు పట్టింది. బ్యాటరీ డబ్బు, దాంతోపాటు ఖర్చుల కింద 5 వేలు వచ్చాయి.

అప్పటి నుంచి బంధువుల్లో, మా వీధిలో ఎవరికి డబ్బు చిక్కు వచ్చినా నన్ను అడుగుతున్నారు. నేను లాయర్‌ని కాను. కానీ వాళ్ల కాగితాలు చూస్తుంటే ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. న్యాయం వాళ్ల వైపే ఉంటుంది, వెళ్లే చోటు మాత్రం తప్పుతుంది. అప్పిచ్చినవాళ్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తారు, చెక్కు బౌన్స్ అయినవాళ్లు పెద్దమనుషుల చుట్టూ తిరిగి గడువు పోగొట్టుకుంటారు. అద్దె అడ్వాన్సు రానివాళ్లు పోలీస్ స్టేషన్ ముందు కూర్చుంటారు.

అమెరికాలో చిన్న మొత్తాలకు విడిగా స్మాల్ క్లెయిమ్స్ కోర్టులు ఉంటాయి. కాలిఫోర్నియాలో అయితే ఆ విచారణకు లాయరును వెంట తెచ్చుకోనివ్వరు. మన దగ్గర హైదరాబాద్‌లో సిటీ స్మాల్ కాజెస్ కోర్టు అని ఉంది కానీ, మామూలు మనిషి చిన్న బాకీలన్నిటికీ నేరుగా వెళ్లే ఒకే చోటు అంటూ ఏదీ లేదు. ఆ పని ఐదారు చోట్లకు చెదిరిపోయి ఉంది. అందుకే ఎంపిక దగ్గరే సగం కేసు తేలిపోతుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, అవతలివాళ్లకు మీరు ఏమవుతారు? డబ్బిచ్చి వస్తువో సేవో కొన్నారా, అప్పిచ్చారా, అద్దెకున్నారా? ఎంత మొత్తం, ఎంత అన్యాయం అన్నవి దీని తర్వాతే. కొనుక్కున్నవాళ్లకు ఒక దారి ఉంది, అప్పిచ్చినవాళ్లకు అది మూసి ఉంటుంది.

రెండోది, చేతిలో ఏ కాగితం ఉంది? బిల్లా, చెక్కా, ప్రోనోటా, ఉత్త ఫోన్‌పే హిస్టరీయా? కోర్టులో మీ మాట కంటే ముందు మీ కాగితం మాట్లాడుతుంది.

మూడోది గడువు. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లు, అప్పు దావాకు మూడేళ్లు, చెక్కు బౌన్స్ నోటీసుకు ముప్ఫై రోజులు. నేను చూసినవాటిలో ఎక్కువ కేసులు పోయింది ఇక్కడే. "రేపిస్తా, ఎల్లుండిస్తా" అంటూ కాలం గడిపేసినవాడు చివరికి "ఇప్పుడేం చేస్తావు?" అంటాడు.

నాలుగోది, అవతలివాళ్లు రాకపోయినా అక్కడ తీర్పు వస్తుందా? లోక్ అదాలత్‌లో వాళ్లు ఒప్పుకోకపోతే ఏమీ జరగదు. కమిషన్‌లో, సివిల్ కోర్టులో వాళ్లు రాకపోతే ఎక్స్ పార్టీగా, అంటే వాళ్లు లేకుండానే, విచారణ నడుస్తుంది.

చివరిది చాలామందికి తట్టని ప్రశ్న. గెలిచాక డబ్బు ఎక్కడి నుంచి రావాలి? అవతలివాడికి ఉద్యోగం, దుకాణం, ఇల్లు, బ్యాంకు ఖాతా ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేనివాడి మీద వచ్చిన డిక్రీ, అంటే డబ్బు కట్టమన్న కోర్టు తీర్పు, బీరువాలోనే ఉండిపోతుంది.

కొన్నవాళ్లకు: జిల్లా వినియోగదారుల కమిషన్

లాయరు లేకుండా వెళ్లడానికి మన దేశంలో ఉన్నవాటిలో అన్నిటికంటే వీలైన చోటు ఇదే అని నా నమ్మకం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. మీరు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు. ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు అసలు లేదు. ఇక్కడ లెక్క మీరు కట్టిన ధర మీద వేస్తారు, మీరు అడిగే నష్టపరిహారం మీద కాదు.

కొత్త చట్టంతో వచ్చిన పెద్ద మేలు ఇంకొకటి ఉంది. మీరు ఉంటున్న ఊళ్లోనో పనిచేస్తున్న ఊళ్లోనో ఫిర్యాదు వేసుకోవచ్చు. కడపలో కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు మీద, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, కడప కమిషన్‌లోనే అడగొచ్చు. నేను వేసినప్పుడు ఈ-దాఖిల్ పోర్టల్ ఉండేది. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి వచ్చింది. ఇంటి నుంచే ఫిర్యాదు అప్‌లోడ్ చేయొచ్చు, వీడియో విచారణ కావాలని కోరవచ్చు.

అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. పెద్ద కంపెనీల రీఫండ్లు కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఆ ఫిర్యాదు నంబరు మీ కేసులో ఒక రుజువు అవుతుంది. ఆ జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడొద్దు, ఎందుకంటే రెండేళ్ల గడువు ఆగదు.

ఎలా నడుస్తుందంటే, ఫిర్యాదును తీసుకోవాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. నోటీసు అందాక అవతలివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, అడిగితే ఇంకో 15. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చి చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా కేసులో కంపెనీ లాయరు నలభై రోజుల తర్వాత ఇంకో వాయిదా అడిగితే, ఇదే విషయం కాగితం మీద రాసుకెళ్లి చదివాను. తర్వాతి వాయిదాకి ముందే జవాబు దాఖలైంది.

చట్టం ప్రకారం మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేలాలి. నిజంగా అయితే ఏడాది పడుతుందనే అనుకుని దిగండి. సాక్షుల విచారణ, అడ్డు ప్రశ్నలు చాలా అరుదు. అఫిడవిట్లు, కాగితాలు చూసే తేలుస్తారు. లాయరు లేనివాళ్లకు ఇది కొండంత బలం.

ఇక్కడ నడవనివి కూడా చెప్పాలి. చేబదులు ఇచ్చిన డబ్బు, ఇంటి ఓనరు తిరిగివ్వని అడ్వాన్సు, తిరిగి అమ్మడానికి కొన్న సరుకు ఇందులోకి రావు. అయితే సొంతంగా బతుకుదెరువు కోసం కొన్న కుట్టుమిషను, ఆటో లాంటివి వస్తాయి. డబ్బులిచ్చి చేయించుకున్న వైద్యం వస్తుంది, 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లాయర్ల సేవలు రావని అదే కోర్టు 2024 మేలో చెప్పింది. కోచింగ్ సెంటర్ల మీద వెళ్లొచ్చని జాతీయ కమిషన్ 2020లో చెప్పింది కాబట్టి, అమీర్‌పేటలో ఫీజు కట్టి క్లాసులు జరగని పిల్లలకు ఈ దారి ఉంది. భోజనం, గది కలిపి ఇచ్చే పీజీ హాస్టలు కూడా సేవే.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. బిల్లు థర్మల్ పేపరు మీద ఉంది. కేసు వేసే నాటికి అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితం మిగిలింది. కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ నన్ను కాపాడింది. ఏది కొన్నా ఆ రోజే బిల్లుకు ఫోటో తీసుకోండి.

నష్టపరిహారం అడిగేటప్పుడు అదుపు తప్పొద్దు. 18 వేల బ్యాటరీకి మానసిక వేదన కింద 5 లక్షలు అడిగితే, మిగతా ఫిర్యాదు బరువు కూడా తగ్గుతుంది. ధర, న్యాయమైన వడ్డీ, తిరిగిన ఖర్చు, కొద్దిపాటి పరిహారం అడగండి. ప్రతి అంకెకూ మీ దగ్గర ఒక జవాబు ఉండాలి.

తీర్పు వచ్చాక కూడా డబ్బు కట్టకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి. ఆదేశం పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడే సెక్షన్ చట్టంలో ఉంది. నోరున్న డీలర్లు కూడా ఆ పిటిషన్ నోటీసు చూశాక ఫోన్ చేస్తారు.

చెక్కు ఉన్నవాళ్లకు: బౌన్స్ కేసు

చెక్కు ఉందంటే మీ చేతిలో మంచి ఆయుధం ఉంది, కానీ దానికి గడియారం కట్టి ఉంటుంది. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయినట్టు బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టులో కంప్లయింట్ వేయాలి. కంప్లయింట్ ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును వేడుకోవచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ వెసులుబాటు లేదు. అయితే మూడు నెలల చెల్లుబాటు ఇంకా మిగిలి ఉంటే చెక్కును మళ్లీ వేసి, కొత్త మెమోతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నోటీసు మీరే రాసుకోవచ్చు. లాయరు లెటర్‌హెడ్ మీదే ఉండాలని చట్టం అనలేదు. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, బ్యాంకు, మెమోలో రాసిన కారణం, 15 రోజుల్లో కట్టమన్న మాట ఉండాలి. నోటీసులో అడిగే మొత్తం చెక్కు మొత్తంతో పైసాతో సహా సరిపోవాలి. అంకె తప్పితే కేసే నిలవదని సుప్రీంకోర్టు 2025లో కూడా చెప్పింది. వడ్డీ, ఖర్చులు అడగాలనుకుంటే వేరే వాక్యంలో విడిగా రాయండి. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు ట్రాకింగ్ ప్రింటు తీసి దాచుకోండి.

ఇది క్రిమినల్ కేసు. రెండేళ్ల వరకు శిక్ష, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా ఉంటాయి కాబట్టి అవతలివాళ్లు సామాన్యంగా రాజీకి వస్తారు. 2018 సవరణతో కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు వచ్చింది, ఆ పిటిషన్ వేయడం మర్చిపోవద్దు.

నా సలహా ఇది. నోటీసు దాకా సొంతంగా వెళ్లండి. కేసు విచారణకు వచ్చి, అవతలి లాయరు "అది సెక్యూరిటీ కోసం ఇచ్చిన ఖాళీ చెక్కు" అంటూ మిమ్మల్ని బోనులో అడ్డు ప్రశ్నలు వేసే పరిస్థితి కనిపిస్తే మాత్రం లాయరును పెట్టుకోండి. అక్కడ తడబడిన ఒక్క జవాబు కేసును తిప్పేస్తుంది.

ప్రోనోటు, చేబదులు, అద్దె అడ్వాన్సు: సివిల్ కోర్టు

మన ఊళ్లలో అప్పు అంటే ప్రోనోటే. దాని బలం ఏమిటంటే, సంతకం తనదేనని తేలితే, డబ్బు ముట్టిందని కోర్టు ముందుగానే అనుకుంటుంది. ముట్టలేదని నిరూపించుకోవాల్సిన భారం అప్పు తీసుకున్నవాడిది. కానీ రెవెన్యూ స్టాంపు లేకుండా రాసిన ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలూ లేదు. ఒక్క రూపాయి స్టాంపు మర్చిపోయి లక్షలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు.

అడిగినప్పుడు ఇవ్వాలని రాసిన నోటుకు మూడేళ్ల గడువు రాసిన తేదీ నుంచే మొదలవుతుంది. ఈలోగా కొంత డబ్బు కడితే నోటు వెనకాల చెల్లు రాయించి, కట్టినవాడి చేత సంతకం పెట్టించుకోవాలి. అప్పుడు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. చెల్లు మీ చేత్తో మీరే రాసుకుని అతని సంతకం లేకపోతే ఉపయోగం లేదు. మూడేళ్లు నిండాక రాయించిన చెల్లూ ఈ లెక్కలోకి రాదు.

నోటు లేకుండా ఫోన్‌పేలో పంపిన అప్పుల సంగతి వేరు. డబ్బు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తుంది, అది అప్పు అని చూపించదు. "పాత బాకీ తీర్చాడు" అని అవతలివాడు అంటే? అందుకే పంపిన రోజే "చేబదులుగా 40,000 పంపాను, దసరాకి ఇస్తానన్నావు కదా" అని ఒక మెసేజ్ పెట్టి, జవాబు తెప్పించుకోండి. వాట్సాప్ ప్రింట్లు సివిల్ కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. ఫోన్ మార్చినా ఆ చాట్‌ను చెరపొద్దు. 20 వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదన్నది కూడా గుర్తుంచుకోండి. బ్యాంకు ద్వారా ఇవ్వడమే అన్ని విధాలా మేలు.

సివిల్ కోర్టులో ఎవరి కేసు వాళ్లు వాదించుకునే హక్కు ఉంది. పార్టీ ఇన్ పర్సన్ అంటారు. కానీ కమిషన్‌కూ దీనికీ చాలా తేడా ఉంది. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ప్లెయింట్ (దావా పత్రం) ఫలానా ఆకృతిలో లేకపోతే ఫైలింగ్ సెక్షన్ నుంచి రిటర్న్ అవుతుంది, సరిచేసి మళ్లీ వేయాలి. సమన్లు అందకపోతే బాటా (సమన్లు పంపే ఖర్చు) కట్టి మళ్లీ పంపించాలి. ఆ తర్వాత లిఖితపూర్వక జవాబు, వివాదాంశాలు, సాక్ష్యం, వాదనలు. చిన్న మొత్తం అని ఈ మెట్లలో ఏదీ మానేయరు. ఒక వెసులుబాటు మాత్రం ఉంది. డబ్బు దావా 25 వేలు మించకపోతే రెండో అప్పీలు ఉండదు, కాబట్టి హైకోర్టు దాకా సాగదీయడం కష్టం.

అప్పు తీసుకున్నవాడు "సంతకం నాది కాదు" అంటే చేతిరాత నిపుణుడు, నోటు మీద సాక్షులు, రాసినవాడు అందరూ రావాలి. అప్పుడు సొంతంగా వద్దు. "తీసుకున్నాను, కానీ ఇప్పుడు లేవు" అనేవాడి మీద, లేదా కోర్టుకే రానివాడి మీద ఓపికున్న మనిషి సొంతంగా నడుపుకోవచ్చు.

డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించడానికి వేసేది ఎగ్జిక్యూషన్ పిటిషన్, అందరూ ఈపీ అనేది. దానికి పన్నెండేళ్ల గడువు ఉంది. ఉద్యోగస్తుడైతే జీతంలో మొదటి వెయ్యి పోగా, మిగిలిన దాంట్లో మూడో వంతు వరకు అటాచ్ చేయించొచ్చు, అంటే కోర్టు ద్వారా పట్టి ఉంచొచ్చు. అందుకే దావా వేసే ముందే అతను ఎక్కడ పనిచేస్తున్నాడో, ఏ బ్యాంకులో ఖాతా ఉందో రాసి పెట్టుకోండి.

మాట్లాడితే తేలేవాళ్లకు: లోక్ అదాలత్

కేసు వేయకముందే తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇవ్వొచ్చు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, మండల స్థాయిలో కోర్టుల దగ్గర కమిటీలుంటాయి. ఫీజు లేదు. అవతలివాళ్లకు నోటీసు పంపి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. రాజీ కుదిరితే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కట్టకపోతే నేరుగా ఈపీ వేయొచ్చు. ఇప్పటికే కోర్టులో ఉన్న కేసు ఇక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

దీని లోపం ఒక్కటే. అవతలివాళ్లు రాకపోతే, వచ్చి కుదరదంటే, మీరు మొదటికి వస్తారు. అర్జీ వేశాం కదా అని మూడేళ్ల గడువు ఆగుతుందని మాత్రం అనుకోవద్దు.

ఎవరి మీద బాగా పనిచేస్తుంది? పరువు, పరిచయం ఉన్నవాళ్ల మీద. ఇంటి ఓనర్లు, బంధువులు, పక్క దుకాణం వాళ్లు, పాత భాగస్తులు. అద్దె అడ్వాన్సుకు నేను మొదట చెప్పేది ఇదే. మా పెద్దమ్మ కూతురికి 60 వేల అడ్వాన్సు రావాలి. ఓనరు రంగులకూ రిపేర్లకూ అని 45 వేలు కోస్తానన్నాడు. లోక్ అదాలత్‌లో ఇల్లు ఖాళీ చేసిన రోజు తీసిన వీడియో చూపించింది. 12 వేలు వదులుకుని 48 వేలు తీసుకుంది. దావా వేసి ఉంటే మొత్తం వచ్చేదేమో, కానీ రెండేళ్లు తిరగాల్సి వచ్చేది. ఆమెకు అప్పుడు ఏడు నెలల పాప. ఆ లెక్కలో ఆమె చేసింది సరైన పనే.

కరెంటు, ఫోన్, బ్యాంకు, బీమా: వేరే దారులు

శాశ్వత లోక్ అదాలత్ అని ఇంకొకటి ఉంది, పేరు ఒకటే అయినా పని వేరు. రవాణా, పోస్టు, టెలిఫోన్, కరెంటు, నీళ్లు, ఆసుపత్రి, బీమా లాంటి ప్రజా వినియోగ సేవల గొడవలకు ఇది. కోటి రూపాయల వరకు వెళ్లొచ్చు. రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు చెప్పగలరు, ఈ అధికారం ఉందని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. కోర్టుకు వెళ్లకముందే ఇక్కడికి రావాలి. ప్రతి ఊళ్లో ఉండదు, న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే చెబుతారు.

బ్యాంకు మీద ఫిర్యాదైతే ముందు బ్యాంకుకే రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో పంపండి. బీమా క్లెయిమ్‌లకు బీమా అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉన్నారు. రెండూ ఉచితం. బీమా అంబుడ్స్‌మన్ దగ్గర లాయర్లు రావడానికే వీల్లేదు, కాబట్టి అక్కడ మీరూ కంపెనీ మనిషీ ఎదురెదురే.

| ఎక్కడికి | ఎవరికి | గడువు | ఖర్చు | అవతలివాళ్లు రాకపోతే | సొంతంగా వాదించడం |
|---|---|---|---|---|---|
| వినియోగదారుల కమిషన్ | వస్తువు, సేవ కొన్నవాళ్లకు | 2 ఏళ్లు | ధర 5 లక్షల వరకు ఫీజు లేదు | ఎక్స్ పార్టీగా తీర్పు | సులువే |
| చెక్కు బౌన్స్ కేసు | చెల్లని చెక్కు ఉన్నవాళ్లకు | నోటీసుకు 30 రోజులు | తక్కువే | సమన్లు, ఆపై వారెంట్ | నోటీసు వరకు సులువు |
| సివిల్ దావా | ప్రోనోటు, అప్పు, అడ్వాన్సు | 3 ఏళ్లు | మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు | ఎక్స్ పార్టీ డిక్రీ | కష్టం, ఓపిక కావాలి |
| లోక్ అదాలత్ | రాజీకి వచ్చే ఏ డబ్బు గొడవైనా | దావా గడువు లోపలే వెళ్లాలి | లేదు | ఏమీ తేలదు | చాలా సులువు |
| శాశ్వత లోక్ అదాలత్ | కరెంటు, ఫోన్, బీమా వగైరా | కోర్టుకు వెళ్లకముందే | లేదు | తీర్పు చెప్పగలరు | సులువు |

ఎవరికి ఏది

ఆన్‌లైన్‌లో కొని మోసపోయిన ఉద్యోగి అయితే 1915, తర్వాత ఈ-జాగృతి. సెలవులు పెట్టలేనివాళ్లు వీడియో విచారణ అడగండి.

కిరాణా, ఎరువుల దుకాణం నడుపుతూ అరువు ఇచ్చినవాళ్లు ఖాతా పుస్తకం మీద ఒక్కటే ఆధారపడకండి, ప్రతి అరువుకూ కొన్నవాడి సంతకం తీసుకోండి. రావాల్సినవి పదిమంది దగ్గర ఉంటే అందరి మీదా ఒకేసారి లోక్ అదాలత్‌లో అర్జీలు పెట్టండి. రానివాళ్ల మీద మాత్రం దావా వేయండి.

స్నేహితుడికి, బంధువుకు ఇచ్చిన చేబదులు అయితే ముందు గడువు లెక్కపెట్టుకోండి. మూడేళ్లు నిండడానికి ఆరు నెలల కంటే తక్కువ ఉంటే రాజీ మాటలతో పాటే దావా కాగితాలు కూడా సిద్ధం చేయండి. మొహమాటంతో గడువు దాటించినవాళ్లను నేను ఓదార్చగలిగాను తప్ప ఏమీ చేయలేకపోయాను.

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పిల్లలు, వికలాంగులు, కార్మికులు, ప్రభుత్వం పెట్టిన పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. వీళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మహిళలకైతే ఆదాయంతో పని లేదు. ఫోన్ నంబరు 15100. లాయరు ఫీజు భయంతోనే సొంతంగా దిగుదామనుకుంటున్న అక్కచెల్లెళ్లు ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి, ముఖ్యంగా మీ కేసు సివిల్ కోర్టుకు వెళ్లేదైతే.

కోపం చల్లారనివాళ్లకు ఒక మాట. డబ్బు కావాలా, వాడికి బుద్ధి చెప్పాలా అన్నది మీరే తేల్చుకోండి. డబ్బే కావాలంటే లోక్ అదాలత్‌లో నాలుగో వంతు వదులుకోవడం నష్టం కాదు. తప్పు తప్పేనని ఒక తీర్పు కాగితం కావాలంటే కమిషనో కోర్టో ఎంచుకుని, అందుకు పట్టే కాలాన్ని ముందే ఒప్పుకోండి. నేను బ్యాటరీ కేసులో రెండోదే ఎంచుకున్నాను, ఇప్పటికీ అందుకు సంతోషమే.

నిలబడే రోజు

మొదటిసారి వెళ్లినప్పుడు నాకు చేతులు వణికాయి. లోపల నల్లకోట్లు చూసి, ఏ వైపు కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే ఆగిపోయాను. బెంచ్ క్లర్కు దగ్గరికి వెళ్లి "నేను పార్టీ ఇన్ పర్సన్ అండీ, నా నంబరు ఎన్నో పిలుపు?" అని అడిగితే చాలు, చెబుతారు. పిలుపు వినపడకపోతే కేసు డిస్మిస్ అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి టీ తాగడానికి కూడా పిలుపు అయ్యాకే వెళ్లండి.

కాగితాలన్నీ తేదీ వరసలో పెట్టి, పై మూలన నంబర్లు వేసి, ముందు ఒక పేజీ పట్టిక పెట్టండి. మూడు సెట్లు: ఒకటి కమిషన్‌కో కోర్టుకో, ఒకటి అవతలివాళ్లకు, ఒకటి మీకు. అవతలివాళ్లు ఇద్దరుంటే ఇంకో సెట్. ఒరిజినల్స్ అడిగితే చూపించండి, దాఖలు చేయమంటే రసీదు తీసుకోండి.

మాట్లాడేటప్పుడు మొదటి నుంచి కథ చెప్పొద్దు. "ఫలానా తేదీన ఇంత కట్టాను, ఫలానా తేదీన పాడైంది, ఇన్నిసార్లు రాశాను, ఇంత ఇప్పించండి." ఇంతే. తెలుగులో చెప్పొచ్చు, మొహమాటపడకండి. అవతలి లాయరు అబద్ధం చెబుతున్నట్టు అనిపించినా మధ్యలో అడ్డుపడకండి, పేజీ నంబరు రాసుకుని మీ వంతు వచ్చినప్పుడు "నా కాగితాల్లో ఏడో పేజీ చూడండి" అనండి. నా కేసులో మలుపు వచ్చింది సరిగ్గా అక్కడే. బ్యాటరీలో నీళ్లు పోయలేదని వాళ్లన్నారు. ఏడో పేజీలో వాళ్ల మెకానిక్కే సంతకం పెట్టిన సర్వీస్ స్లిప్ ఉంది, "వాటర్ లెవెల్ ఓకే" అని. కమిషన్ అధ్యక్షులు దాన్ని రెండుసార్లు చదివి, అవతలి లాయరు వైపు తిప్పి చూపించారు.

ప్రతి వాయిదా అయ్యాక తర్వాతి తేదీ రాసుకోకుండా గది దాటొద్దు.